సాంచెలు ఆగిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గర, మా తెలుగు బడి గోడ అవతలే సాంచెల... అంటే మరమగ్గాల కార్ఖానాలు. పొద్దస్తమానం ఒకటే టకటక... టీచర్లు గొంతు చించుకునేవారు, మేమూ అరిచే ఎక్కాలు చెప్పేవాళ్లం. ఆ మోత ఉన్నంతసేపూ మాకు నిశ్చింత. నాన్నలంతా సాంచెల దగ్గర క్షేమంగా ఉన్నారని లెక్క.

భయమల్లా ఆ చప్పుడు ఆగితేనే...

ఉన్నట్టుండి ఆగిపోతే బడంతా బిగుసుకుపోయేది. మా హెడ్ టీచర్ సులోచన మేడం గేటుకు తాళం వేసి, తనే కార్ఖానాకు వెళ్లి కనుక్కుని వచ్చేవారు. చెడు కబురు తను తప్ప ఎవరూ పిల్లలకు చెప్పకూడదని ఆమె పెట్టిన కట్టడి. తిరిగొచ్చి నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లారంటే పోయింది కరెంటేనన్నమాట, బతికిపోయాం! తరగతుల వైపు మళ్లారా... అమ్మో, ఎవరో ఒకరి నాన్నకు ఏదో అయినట్టే.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం మోత ఆగింది. మేడం చాలాసేపటికి వచ్చారు. మా గుమ్మంలో నిలబడి నన్నూ, నా పక్కన కూర్చునే పద్మనూ పిలిచారు. మా ఇద్దరి నాన్నలదీ ఒకే కార్ఖానా.

మా మధ్య నడుస్తూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఎవరి నాన్నో చెప్పలేదు. ఆ వరండా ఎంతకీ తరగదే... పద్మ పెదాలు కదులుతున్నాయి, నావీ కదులుతున్నాయి. ఇద్దరం మొక్కుకునేది ఒకటేనని ఇద్దరికీ తెలుసు.

ఆఫీసు గదిలోకి వెళ్లాక పద్మను ఒళ్లోకి తీసుకున్నారు. సాంచె దగ్గర కరెంటు కొట్టి వాళ్ల నాన్న పోయాడు.

నాకు మేడం మీద చచ్చేంత కోపం వచ్చింది. నన్నెందుకు అంతలా భయపెట్టడం? పదో తరగతి అయ్యాక అడిగేశాను.

"పద్మ ఒక్కదాన్నే పిలిస్తే గడప కాడనే తెల్సిపోతుండె బిడ్డా. ఆ బరువుతోని గంత దూరం ఒక్కతే ఎట్ల నడుస్తది? అందుకే నిన్ను సుత తీస్కపోయిన," అన్నారు. ఆ వెంటనే, "నన్ను తిట్టుకుంటే తిట్టుకో," అన్నారు.

కోపం పూర్తిగా పోయిందని చెప్పను... కానీ అట్లాంటి మనిషి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

ఇప్పుడు మా పాప బడిలో ఏ కబురైనా ఫోన్‌కే వస్తుంది. హెడ్ మేడం ముఖం కూడా మాకు సరిగ్గా తెలియదు. బడి నుంచి మెసేజ్ వచ్చినప్పుడల్లా గుండె చిక్కబట్టుకుని నేనొక్కదాన్నే తెరుస్తాను... చెడు కబురు దాకా మిమ్మల్ని ఒంటరిగా నడవనీయని టీచర్ ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి నాలుగు ముక్కలు రాయండి... ఇవాళ నాకు అవి చదవాలని ఉంది.