అతుకు పని చేసే ఆవిడ

ఆవిడ పేరు అడగలేదు. అడిగి ఉంటే ఇప్పుడు పేరు పెట్టి మరీ కుళ్లుకునేవాణ్ణి.

నరసాపురంలో ఎక్కిన ప్యాసింజర్ రైల్లో నా ఎదురుగా కూర్చుని, ఒళ్లో పోసుకున్న లేసు ముక్కల్ని ఒకదానికొకటి అతుకుతోంది. పక్కన కాలేజీ అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో సినిమా చూస్తోంది. ఆవిడ ఒక్క నిమిషం అటు తొంగిచూసి ఒక దర్శకుడి పేరు చెప్పి, "ఆయన తీసిందేనా అమ్మా?" అంది.

"అవునండి. నిన్ననే వచ్చింది. చూసేశారా?"

"లేదమ్మా."

నేను ఉండబట్టలేక, "మాటలు వినకుండా ఎలా పోల్చారండీ?" అన్నాను.

"ఆయన ఏడ్చేవాళ్లని చూపించడండి. ఆ ఏడుపు చూసేవాళ్లని చూపిస్తాడు." సూది ఆపకుండానే చెప్పింది. "మా ఇంటికి ఇరవై ఇళ్ల నుంచి ముక్కలొస్తాయండి. అన్నీ ఒకటే డిజైను. అయినా ఎవరు అల్లిందో చెయ్యి తెలిసిపోద్ది. ఇదీ అంతేగదండీ."

ఆ దర్శకుడి శైలి మీద నేను ఏకంగా పుస్తకమే రాశాను. అతని వానల మీద, వెలుతురు మీద పేజీలకు పేజీలు నింపాను. ఈ మాట మాత్రం అందులో లేదు. కడుపు మండింది. ఆవిడ తప్పు చెప్పాలని కోరుకుంటూ ఇంకో దర్శకుడి సంగతి అడిగాను.

"ఆయన సినిమాలో ఎంత గొడవైనా, చివరికి ఎవరో ఒకరు అన్నం వడ్డిస్తారండి."

అదీ నిజమే.

భీమవరంలో దిగబోతూ, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది.

నా సంచిలో ఆ పుస్తకం కాపీలు రెండున్నాయి.

"బ్యాంకులో పనండి," అన్నాను.