గేటు పక్కన బల్ల

నెటీ హ్రుష్కా తన మొగుడి మణికట్టు విరగ్గొట్టిన మాట నిజమే. మా భవనంలో అందరికీ తెలుసు. అతను మరిగే నీళ్ల గిన్నె ఆమె మీదికి ఎత్తాడు. ఆమె మాంసం చితక్కొట్టే సుత్తి తీసుకుంది. అతను మళ్లీ ఆ ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున ఆమె మామూలుగానే మాంసం ఫ్యాక్టరీకి వెళ్లి, పందుల్ని నిలువునా చీల్చే రంపం ముందు నిలబడింది. మోకాళ్లు అరిగిపోయేదాకా అదే పని చేసింది.

తర్వాత కర్నల్ వచ్చాడు. ఉత్తరాన ఎక్కడో చెత్తకుప్పల దగ్గర పట్టిన పెద్ద నల్ల కుక్క. ఒక చెవి సగం లేదు. నెటీ వాడిని ముద్దు చేయడం నేను చూడలేదు. తన పళ్లెంలోనే తినిపించేది.

విన్నిపెగ్ నగరంలో మా వీధి చివర, నది ఒడ్డున, కుక్కల్ని తాడు విప్పి వదిలే పార్కు ఉంది. ఆమె కర్నల్‌నీ, నేను నా పొట్టి కుక్క బీన్‌నీ తీసుకుని రోజూ వెళ్లేవాళ్లం. లోపల నడవడానికి బోలెడు చోటుంది. ఎవరూ నడవరు. కాఫీ కప్పులు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి చలినీ, హాకీనీ తిట్టుకుంటారు. మనుషులున్న చోటే కుక్కలూ ఉంటాయి. కొత్త కుక్క గేటు దాటగానే అన్నీ ఒక్కసారిగా దాని మీదికి వెళతాయి.

అలాంటి ఒక గొడవలో కర్నల్ ఒకాయన తొడ కరిచి పట్టుకున్నాడు. నగరపాలక సంస్థ అధికారి నెటీ ఇంటికి వచ్చాడు.

"ఈసారికి వదిలేస్తున్నానమ్మా. ఇంకో మనిషిని కరిస్తే మాత్రం సూది వేసి చంపేయడమే. వేరే మాట లేదు."

అతను వెళ్లాక నెటీ వంగి కుక్క దవడ పట్టుకుంది. "విన్నావుగా? నోరు మూసుకుని బతుకు."

ఆ చలికాలమే నగరపాలక సంస్థ పార్కును కొత్తగా కట్టాలనుకుంది. చర్చి కింది గదిలో మమ్మల్ని పిలిచి, గోడకు పార్కు పటాలు తగిలించి, తలా కొన్ని పచ్చ చుక్కల కాగితాలు ఇచ్చారు. ఏది ఎక్కడ కావాలో అక్కడ చుక్క అంటించాలి. సంస్థ తరఫున పటం గీసిన అర్మాన్ కుర్రవాడు, మర్యాదస్తుడు.

"కూర్చునే బల్లలూ, గాలికి అడ్డుగా చెక్క గోడా లోపల మిట్ట మీద పెడదామండీ. గేటు దగ్గర మనం గుమిగూడితే కుక్కలూ గుమిగూడతాయి. కొట్లాటలన్నీ అక్కడే."

"మిట్టదాకా నన్ను నువ్వు మోస్తావా అబ్బాయ్?" అంది నెటీ.

"నడిస్తే మోకాళ్లకి మంచిదే కదండీ నెటీ గారూ."

"నీ మోకాళ్లు ఇటివ్వు, నడిచి చూపిస్తా."

గది గొల్లున నవ్వింది. మంచుబండి లాగే జాతి కుక్కల్ని రెండింటిని పెంచే గోర్డన్ మాత్రం నవ్వలేదు.

"పార్కు కుక్కలకా, నీ పిర్రలకా ముసలమ్మా? నీ నల్ల దెయ్యాన్ని ఇంట్లో కట్టేస్తే కొట్లాటలే ఉండవు."

నెటీ లేచి వెళ్లి పిడికిలితో కొట్టింది. గోర్డన్ పెదవి చీలి పటం మీద రక్తం చిందింది. అతను కాఫీ పెట్టిన బల్లతో సహా ఆమెను గోడకు నెట్టాడు. కాఫీ పాత్ర పగిలింది. పాస్టరు మధ్యలో దూరి ఒక మోచేతి దెబ్బ తిన్నాడు. తర్వాత అందరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకుని, వరసలో నిలబడి చుక్కలు అంటించారు. గోర్డన్ కూడా, పెదవికి రుమాలు అదుముకుని. గేటు పక్క పచ్చ చుక్కలకు చోటు చాల్లేదు. చలికి భయపడే వాళ్లం, అందరం అక్కడే పెట్టాం.

కుర్రవాడు రక్తపు మరక తుడిచి, పటం చుట్టుకుని వెళ్లిపోయాడు.

గేటు పక్కనే బల్ల వచ్చింది. మూడు వైపులా చెక్క గోడ. నెటీ దానిమీద రాణిలా కూర్చునేది. కర్నల్ ఆమె కాళ్ల దగ్గర, బల్ల కింద పడుకునేవాడు.

మరుసటి జనవరిలో, ఉమ్మితే గడ్డకట్టే పొద్దున, మేమంతా ఆ గోడల మధ్య ఇరుక్కుని ఉన్నాం. గోర్డన్ గేటు తీశాడు. అతని రెండు కుక్కలూ నేరుగా ఆ గోడల మధ్యకి దూకాయి. వాటి వెనక పార్కులో ఉన్నవన్నీ. మూడు వైపులా గోడలే, నాలుగో వైపు కుక్కలు. కర్నల్‌కి పోవడానికి దారి లేదు. ఒకదాని మెడ అందుకున్నాడు. మనుషులు తన్నారు, అరిచారు, వేడి కాఫీ పోశారు. నెటీ చేతి తొడుగు విసిరేసి, పట్టు విడిపించడానికి కర్నల్ నోట్లోకి చెయ్యి పెట్టింది. దవడలు మూసుకున్నాయి.

చప్పుడు నేను విన్నాను. ఆ తొక్కిసలాటలో చూసింది నేనొక్కదాన్నే. రంపం ముందు అన్నేళ్లు కాపాడుకున్న వేళ్లలో రెండు మంచులో పడ్డాయి.

కుక్కలు విడిపోయాక బీన్ బల్ల కింద కనిపించింది. మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది. ఏ కుక్క చేసిందో తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు నెటీ చెయ్యి తిప్పి చూసింది. "ఏం కరిచింది?"

"రంపం. ఎముక కోస్తుంటే జారింది."

"రంపం పళ్ల గాట్లు ఇలా ఉంటాయా?"

"పాత రంపం తల్లీ. కుట్టెయ్."

డాక్టరు నా వైపు చూసింది. నా కోటు మీద బీన్ రక్తం ఉంది. నేను రంపమనే అన్నాను.

వారం తర్వాత అర్మాన్ నెటీ తలుపు ముందు, మా మెట్ల మీద నిలబడ్డాడు.

"ఒక కుక్క చచ్చిపోయినంత మాత్రాన మా ఆఫీసువాళ్లు బల్ల కదపరండీ. మనిషికి దెబ్బ తగిలిందని ఎవరైనా చెప్పాలి. చెబితే రేపే తీయిస్తాను. మీ చేతికేమైందండీ?"

"రంపం."

"ఈసారి పసిపిల్ల ఉండొచ్చు అక్కడ."

"తెలుసులే. పో."

అతను పోయాడు. ఆమె కట్టు ఉన్న చేత్తో తలుపును కొట్టింది. మళ్లీ కొట్టింది. కట్టు ఎర్రబడ్డాక ఆగింది. కర్నల్ దగ్గరికి వచ్చి ఆ కట్టు నాకాడు.

మంచు కరుగుతున్న ఒక ఆదివారం, పార్కు నిండా జనం ఉండగా, నెటీ గొడ్డలితో వచ్చింది. బాగున్న చేత్తో పిడి పట్టుకుని, రెండో మణికట్టుతో కింద ఊతం ఇచ్చి, బల్ల మీద వేటు వేసింది. చెక్క ముక్కలు ఎగిరాయి. పిల్లలు ఏడ్చారు. గోర్డన్ వెనకనుంచి ఆమెను పట్టుకున్నాడు.

"పిచ్చెక్కిందా? ఇది కావాలని నన్ను కొట్టి మరీ తెచ్చుకున్నావు కదే!"

"అందుకే నేనే నరుకుతున్నా. జరుగు, లేకపోతే నీ కాలూ పోతుంది."

అతను జరగలేదు. ఆమె తల వెనక్కి విసిరింది. అతని ముక్కు విరిగింది. పోలీసులు వచ్చేసరికి బల్ల లేదు, ఒక గోడ లేదు, ఆమె మోకాళ్ల మీద కూలబడి ఇంకా కొడుతూనే ఉంది. చేతులు వెనక్కి విరిచి బురదలో పడుకోబెట్టారు.

"ఎందుకు చేశావమ్మా ఈ పని?"

"నాకు నచ్చలేదు."

అంతకు మించి చెప్పలేదు. కోర్టులోనూ అంతే. నెటీ హ్రుష్కా ఏడాదిపాటు ఆ పార్కులో అడుగు పెట్టకూడదన్నారు. కుక్క మాట ఎవరూ ఎత్తలేదు. ఆ చోట మళ్లీ ఏమీ కట్టలేదు. అర్మాన్ కొత్త బల్లను మిట్ట మీద వేయించాడు. ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు కర్నల్‌ని నేను తీసుకెళతాను. నెటీ కంచె బయట, గాలిలో, మిగిలిన వేళ్లను తీగల్లో దూర్చి నిలబడుతుంది.

"వాడి నోరు చూస్తూ ఉండు!" అని అరుస్తుంది. "నా మొహం కాదు, వాడి నోరు!"

గేటు తెరుచుకుంటుంది. ఎవరో కొత్తవాళ్లు. మిట్ట మీద మా చుట్టూ ఉన్న కుక్కలు తలెత్తి చూస్తాయి. దూరం ఎక్కువ. కొన్ని మళ్లీ పడుకుంటాయి. కర్నల్ లేచి నిలబడతాడు. నేను మెడపట్టీ పట్టుకుంటాను. కంచె అవతల నెటీ ఊపిరి బిగబట్టిందని నాకు ఇక్కణ్నుంచే తెలుస్తుంది.