మూడో పిలుపుకు తెరుచుకునే తలుపు

మా చిన్నప్పుడు... దీపాలు పెట్టాక వాకిట్లోంచి ఎవరైనా పిలిస్తే వెంటనే పలక్కూడదు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడట... దయ్యం ఒక్కసారే పిలుస్తుందట. "పలికావో, లోపలికి రమ్మన్నట్టే!" అనేది మా నాయనమ్మ.

ఆ సాయంత్రం చినుకులు పడుతున్నాయి. నాయనమ్మ అట్లు పోస్తోంది, నేను పళ్లెంతో కాచుక్కూచున్నాను. బయటినుంచి "అమ్మా!" అని ఒక్క పిలుపు... అంతే.

గొంతు మా మేనత్తది. పక్క వీధిలోనే కాపురం. మా ఇంట్లో వ్రతానికి బొట్టు పెట్టి పిలవకుండా పాలవాడితో కబురు పంపారని అలిగి, "నోరారా రమ్మంటేనే ఆ గడప తొక్కుతాను" అని కూర్చుంది. ఏడాదైంది.

నాయనమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. కళ్లలో నీళ్లు... పెదవుల మీద వేలు. దయ్యాలు మనవాళ్ల గొంతుతోనే పిలుస్తాయని చెప్పిందీ ఆవిడే మరి!

బయట ఆవిడ రెండోసారి పిలవదు. లోపల ఈవిడ మొదటి పిలుపుకు పలకదు. నాకేమో వచ్చింది అత్తయ్యో, దయ్యమో తేలాలి... అంతలో అడుగుల చప్పుడు వీధివైపు మళ్లింది.

"ఇంకో రెండుసార్లు పిలువు!" అని అరిచేశాను.

నాయనమ్మ నా నోరు మూసింది. బయట పకపకా నవ్వు.

"ఓసి గడుగ్గాయీ, దయ్యానికి దారి చెబుతున్నావుటే! ...అమ్మా! అమ్మా!"

నాయనమ్మ ఒక్క అంగలో వెళ్లి తలుపు తీసింది. "రావే తల్లీ, రా... అట్టు మాడిపోతోంది."

అత్తయ్య రెండు అట్లు తిని, 'ఇంతకీ బొట్టేదీ?' అని మళ్లీ మొదలెట్టింది. నాయనమ్మ పిండి చేత్తోనే పెట్టింది.

నిన్న ఇక్కడ, ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో, మా మనవరాలు చెప్పింది... రక్తం తాగే వాంపైర్‌ని కూడా ఇంట్లోవాళ్లు ఇన్వైట్ చేయాలట, లేకపోతే గడప దాటలేదట.

"మా అత్తయ్యా అంతేనే" అన్నాను.

"వాజ్ షీ ఎ వాంపైర్, అమ్మమ్మా?"

"కాదు, ఆడపడుచు."

ఎక్కడి దయ్యం, ఎక్కడి అత్తయ్య! ఇద్దరూ గడప దగ్గర ఒక్క మాట కోసమే ఆగారు... ఈ మర్యాద ఎవరు ఎవరికి నేర్పారో!

ఇప్పుడు వాకిట్లో నిలబడి పిలిచేదెవరు? కారు దిగకుండానే "అవుట్‌సైడ్, ఆంటీ" అని మెసేజ్ వస్తుంది. పార్సిల్ అబ్బాయి గంట కొట్టి, నేను లేచేలోగా మాయమవుతాడు.

మీ ఇళ్లలో ఎన్నో పిలుపుకు పలికేవాళ్లు? చెప్పండి, వింటాను.

నేనైతే ఇప్పుడు ఒక్క పిలుపుకే పలికేస్తాను... దయ్యమైతే అట్టు పెట్టి పంపిస్తాను.