ముందు మూసుకుపోయే తలుపు

ఈ ఉదయం బాల్కనీలో కుండీకి నీళ్ళు పోస్తుంటే, తడిసిన కొబ్బరిపొట్టు వాసనకి సుబేదారు వీర్రాజు గారు గుర్తొచ్చారు. పాతికేళ్ళ కిందట కడియంలో మా వీధి చివరి నర్సరీకి ఆయన మేస్త్రీ. సైన్యంలో రిటైరయ్యాక, భార్య కూడా పోయాక, ఒంటరిగా వచ్చి ఆ మొక్కల్లో చేరారు. నాకేమో సైన్యంలో ఆఫీసరు కావాలని పిచ్చి. ఊళ్ళో దాన్ని పిచ్చి అనని మనిషి ఆయనొక్కరే.

ఇంటర్ తరవాత రాసిన ఆఫీసరు పరీక్ష పోయిన రోజు, ఏడుపు మొహంతో ఆయన ముందు నిలబడ్డాను. ఆయన మామిడి అంట్లు కడుతున్నారు. తలెత్తకుండానే, "ఒక్క అంటు కట్టి, బతకలేదని ఏడిచేవోణ్ణి నర్సరీలో ఎవరన్నా ఉంచుకుంటారేంటి బాబూ?" అన్నారు. ఒక అట్టముక్క తీసుకుని దారులన్నీ వరసగా రాశారు. మళ్ళీ అదే పరీక్ష. అది కాకపోతే డిగ్రీ తరవాత రాసేది. కాకపోతే ఎన్‌సీసీ సర్టిఫికెట్‌తో నేరుగా ఇంటర్వ్యూ. అన్నిటికన్నా కింద, సిపాయిగా చేరి, లోపలుండి పరీక్ష రాసి ఆఫీసరవడం. చివరిది నేను సరిగా చదవనైనా లేదు. అది నాలాంటి మేధావికి కాదనుకున్నాను.

మూడేళ్ళు నన్ను కాలవగట్టు మీద పరిగెత్తించారు. వెనకాల సైకిలు మీద వస్తూ, "మా నడిపి గేదె నయం!" అని అరిచేవారు. నలుగురి ముందు మాట్లాడే బెరుకు పోవాలని, లారీకి మొక్కలెక్కించే ఆడవాళ్ళ ముందు నిలబెట్టి ఇంగ్లీషులో ఉపన్యాసం చెప్పించేవారు. వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. నా స్నేహితులంతా తలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాక, నాతో మాట్లాడేవాళ్ళు ఆయనా, ఆ ఆడవాళ్ళే.

డిగ్రీ చివర్లో ఐదు రోజుల ఇంటర్వ్యూ దాకా వెళ్ళి, చివరి రోజు ఎంపిక కాక వెనక్కి వచ్చేశాను. ఆయన ఓదార్చలేదు. "వచ్చే వారం కాకినాడలో సిపాయిల సెలక్షనంట. నీకు ఇరవయ్యొకటి నిండిపోతున్నాయి. ఆఫీసరు పరీక్షకి ఇంకా టైముంది గానీ దీనికి లేదు. ఆ అట్ట మీద చివర రాసిన తలుపే ముందు మూసుకుపోద్ది బాబూ."

"ఆఫీసరు కావాలనుకున్నవాణ్ణి, సిపాయిగా ఎలా వెళ్తానండీ?" అన్నాను.

ఎవరితో అంటున్నానో నోరు జారాక గాని తెలియలేదు. ఆయన చేతిలో అంటు కట్టడం ఆపలేదు.

"నేనలాగే వెళ్ళాను కదా బాబూ. లోపలి పరీక్ష మూడుసార్లు రాశాను. ఇంగ్లీషు దగ్గరే పోయింది. నీకు ఇంగ్లీషొచ్చు."

సెలక్షను రోజు ఇంట్లోనే పడుకున్నాను. అహం అనండి, సిగ్గనండి, మంచం దిగలేకపోయాను. వారం తరవాత నర్సరీ లారీ డ్రైవరు చెప్పాడు. "సుబేదారు గారు తెల్లారకముందే నా లారీలో కాకినాడ వచ్చేశారండి. కుర్రాళ్ళ వరసలో మీకోసం చోటు పట్టి నుంచున్నారు. 'తాతా, నువ్వూ పరిగెడతావా?' అని ఒకటే ఎగతాళి. గేటు దాకా వచ్చినప్పుడల్లా వెనకోడిని ముందుకు పంపేసి, మళ్ళీ వరస చివరికెళ్ళి నుంచునేవారండి. గేటు మూసేదాకా."

క్షమించమని అడగడానికి చాలాసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా, "అన్నం తిన్నావా?" అనేవారు. తిన్నానని చెప్పి వచ్చేసేవాణ్ణి. మిగిలిన దారులు కూడా ఒక్కొక్కటే మూసుకుపోయాయి. నాకు సామర్లకోటలో గుమాస్తా ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆయన పోయారు.

ఆఫీసరు కాలేదన్న బాధ ఎప్పుడో పోయింది. ఎప్పుడైనా ఆ సంగతి చెబితే, అందరూ ఉద్యోగం పోయిందనే జాలిపడతారు. నేను పోగొట్టుకున్నది ఉద్యోగం కాదని, ఆ వరసలో నాకోసం పట్టిన చోటని తెలిసిన మనిషి ఆయనొక్కరే. క్షమించమని ఆయన్ని నేను అడగనే లేదు.