బాపును లేపని పొద్దు

మా బడి గేటు పక్కన చాయ్ బండి నడిపే ముసలాయన ఇంకా గ్యాసుకు మారలేదు. పొద్దున నేను ఆటో దిగేసరికి ఆయన బొగ్గుల పొయ్యి రాజేస్తూ ఉంటాడు. ముందు చిక్కటి పొగ లేస్తుంది, కళ్లు మండుతాయి, గొంతులో గరగరమంటుంది, తోటి టీచర్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి పోతారు. నేను మాత్రం బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నట్టు కాసేపు అక్కడే నిలబడతాను. గోదావరిఖనిలో పెరిగిన నా వయసు వాళ్లకు అదే ఇంటి వాసన. ఈ వానాకాలంలో ఒక రోజు అలా నిలబడినప్పుడే, ఆ పూట ఏడో తరగతికి చెప్పాల్సింది భూకంపాల పాఠమని గుర్తొచ్చింది. ఏటా చెప్పే పాఠమే. బల్ల కింద దూరండి, తల కాపాడుకోండి, అదురు ఆగాక బయటికి రండి, మళ్లీ వెంటనే లోపలికి పోకండి అని గడగడా చెప్పేస్తాను. ఆ బయటికి వచ్చే చోట మాత్రం ఏటా నా మాట తడబడుతుంది. పదేళ్ల వయసులో నేను అలా బయటికి ఉరికినప్పుడు లోపల మా బాపు నిద్రపోతున్నాడు.

బాపు అంటే నాన్న, మా వైపు అలాగే పిలుస్తాం. ఆయన భూమి లోపలి బొగ్గుగనిలో, మా మాటలో చెప్పాలంటే బాయిలో, పనిచేసేవాడు. ఊళ్లో నానమ్మ మంచాన పడింది, మక్కచేను ఉంది, తమ్ముడు చంటివాడు, అందుకని అమ్మ అక్కడే ఉండిపోయింది. చదువు కోసం నన్నొక్కదాన్నే బాపు కంపెనీ క్వార్టరుకు తెచ్చుకున్నాడు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనుక బట్టలారేసే తీగ. ఎండాకాలం గోడలు అర్ధరాత్రి దాకా కాలుతూనే ఉండేవి, వానాకాలం మోరీలో నీళ్లు నల్లగా పారేవి, చలికాలం సాయంత్రాలు క్వార్టర్ల లైను పొడుగునా బొగ్గుల పొయ్యిలు ఒక్కసారే రాజుకుని పొగలో ఎదురింటి తలుపు కనపడేది కాదు. ఊరి నుంచి వచ్చేవాళ్ల చేతికి అమ్మ సర్వపిండి, ఉడకబెట్టిన మక్క కంకులు, ఎల్లిపాయ కారం ఇచ్చి పంపేది. ఆ మూట విప్పగానే ముందు గుడ్డను వాసన చూసేదాన్ని, తరువాతే తినేదాన్ని. ఆడుకోవడానికి తోడు లేని రోజుల్లో అష్టాచెమ్మ గీసుకుని నా కుడిచేతికీ ఎడమచేతికీ పోటీ పెట్టేదాన్ని. ఎడమచెయ్యి గెలిస్తే కుడిచేతి తరఫున అలిగి లేచిపోయేదాన్ని, బతిమాలేవాళ్లు లేక మళ్లీ నేనే వచ్చి కూర్చునేదాన్ని.

అన్నిటికంటే కష్టం నైటు షిఫ్టు వారం. రాత్రి పక్కింటి పోశక్క దగ్గర పడుకుని పొద్దున్నే ఇంటికి వచ్చేదాన్ని. బాపు వచ్చి స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి దుప్పటి కట్టి, కళ్ల మీద తడి తువ్వాల వేసుకుని నులక మంచం మీద వాలేవాడు. ఇక సాయంత్రం దాకా ఇంట్లో చప్పుడు ఉండకూడదు. చెంబు నేల మీద పెట్టడం, తలుపు గొళ్లెం తీయడం, ఆఖరికి దగ్గు ఆపుకోవడం కూడా నేర్చుకున్నాను. మా లైనులో నైటు చేసి పడుకున్న మనిషిని లేపడం కంటే పెద్ద తప్పు లేదు. కూరగాయల బండివాడు మా దగ్గరకు రాగానే గొంతు తగ్గించేవాడు, ఆడవాళ్లు కొట్లాట పెట్టుకోవాలన్నా లైను చివర నీళ్ల నల్లా దాకా పోయి పెట్టుకునేవాళ్లు. పోశక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చెప్పింది, "నిద్ర సాలని మనిషి బాయిల కునికితే మల్ల ఇంటికి రాడు బిడ్డా. మీ బాపును ఎన్నడు లేపకు." ఆ మాట నాకు ఎక్కాలన్నిటికంటే బాగా వచ్చు.

ఆ సంవత్సరమే సత్యవతి టీచర్ మా బడికి వచ్చింది. గోదావరి జిల్లాల మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది, మా ఎండను చూసి మొదటి నెలలోనే సగమైపోయింది. మధ్యాహ్నం, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేసినప్పుడల్లా కిటికీ రెక్కలు గలగలలాడేవి. మేము తల ఎత్తేవాళ్లం కాదు, ఆమె చేతిలోంచి సుద్దముక్క జారేది. భూకంపాల పాఠం నాడు ఒక పళ్లెంలో తడి ఇసుక పోసి, అగ్గిపెట్టెలతో ఇళ్లు కట్టి, బల్లను ఊపి కూలగొట్టి చూపించింది. మేము విరగబడి నవ్వాం. "గిది మాకు రోజుండేదే టీచర్" అన్నారు వెనుక బెంచీవాళ్లు. ఆమెకు కోపం రాలేదు. "నవ్వండర్రా, కానీ బల్ల కింద కూర్చుని నవ్వండి" అని అందరినీ బల్లల కిందికి దూర్చింది. బ్లాస్టింగుకు ముందు సైరన్ కూస్తుందనీ, ఒక్క దెబ్బతో అయిపోతుందనీ, భూకంపానికి సైరన్ ఉండదనీ, దూరం నుంచి లారీ వస్తున్నట్టు మొదలై ఆగకుండా ఊపుతుందనీ, బల్ల లేని చోటైతే ఖాళీ జాగాలోకి పోయి నిలబడాలనీ చెప్పింది. క్లాసులో ఆ తేడాను నమ్మినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఇంట్లో మాట్లాడే దిక్కులేక ఆమె చెప్పిన పాఠాలన్నీ గోడలకు అప్పజెప్పేదాన్ని కదా మరి.

సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులున్నాయి. బడికి దసరా సెలవులు, బాపుకు నైటు షిఫ్టు, ఆ వారం గడిస్తే ఇద్దరం ఊరికి పోవాలి. తోటి పిల్లలంతా గునుగు పూలకూ తంగేడు పూలకూ గోదావరి వైపు పోయారు. బాపు లేస్తే అన్నం పెట్టాలని నేను ఆగిపోయాను. పొద్దున పది గంటలప్పుడు వంటింటి గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నాను. గింజలు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. నా మోకాళ్లు వణుకుతున్నాయేమో అనుకుని అదిమి పట్టుకున్నాను. అరలో గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి, లారీ వస్తున్నట్టు అడుగున ఒక మోత, సైరన్ లేదు. ఆగడం లేదు. చాట వదిలేసి బయటికి ఉరికాను. క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో, గోడలకూ కరెంటు స్తంభాలకూ దూరంగా, టీచర్ చెప్పింది చెప్పినట్టు పోయి నిలబడ్డాను.

లైనులో ఇంకెవరూ బయటికి రాలేదు. పోశక్క వాకిట్లో బట్టలు పిండుతూ తలెత్తి చూసింది. "ఏందే, గట్ల నిలవడ్డవ్? బ్లాస్టింగే గదా" అంది. నేను మా తలుపు వైపు చూస్తున్నాను. అక్కడికి పాతిక అడుగులు ఉంటుందేమో. బాపూ అని ఒక్క కేక వేస్తే చాలు. వేయలేదు. ఎన్నడూ లేపకు అన్నారు కాబట్టి వేయలేదా, భయంతో బాపు ఉన్న సంగతే మరిచిపోయి ఉరికి, తరువాత గుర్తొచ్చాక సిగ్గుతో నోరు మూసుకున్నానా, ఇప్పటికీ నాకు తెలియదు. మొదటిదే అని చెప్పుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మబుద్ధి కాదు. అదురు ఆగిపోయింది. మళ్లీ రావచ్చు, లోపలికి పోవద్దు అన్న పాఠం గుర్తుంది. ఎండలో, ఉత్తకాళ్లతో, చాలాసేపు ఆ తలుపునే చూస్తూ ఉండిపోయాను. పుట్టి బుద్ధెరిగాక అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

ఆఖరికి పిల్లిలా లోపలికి పోయాను. బాపు అలాగే పడుకుని ఉన్నాడు, గురక వినిపిస్తోంది. తలకు జానెడు దూరంలో, దిండు పక్కన, స్లాబు నుంచి ఊడిన సిమెంటు పెచ్చు పడి ఉంది. నా రెండు అరచేతులంత ఉంది. చప్పుడు కాకుండా దాన్ని తీసి, దుమ్మును గౌను అంచుతోనే తుడిచి, మోరీలో పారేసి వచ్చాను. ఆ తరువాత బియ్యం ఏరడం పూర్తిచేశాను.

సాయంత్రం రేడియోలో భూమి కొద్దిగా కంపించిందని చెప్పారు. పోశక్క ముక్కున వేలేసుకుని నా సంగతి లైనంతా చెప్పింది. బాపు మురిసిపోయాడు. చాయ్ హోటల్లో, బాయి మీద, ఊరికి పోయే బస్సులో పక్క సీటాయనకు కూడా చెప్పాడు, "ఇన్నేండ్ల సంది భూమి లోపల పనిచేస్తున్న, నాకు ఎరుక లేదు. నా బిడ్డకు ఎరుకైంది." ఆయన అలా పొగిడినప్పుడల్లా నేను నేలలోకి కుంగిపోయేదాన్ని. సద్దుల నాడు ఊళ్లో అమ్మ గునుగు పూలకు రంగు అద్దుతూ అంతా విని, చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"అప్పుడు మీ బాపు ఏడున్నడే?" అంది.

నేను నోరు తెరిచేలోపు బాపే అందుకున్నాడు. "నన్ను లేపిందే. నైటు డ్యూటీ నిద్ర గదా, నేనే లెవ్వలే."

అమ్మ మళ్లీ పూల పనిలో పడింది. బాపు నా వైపు చూడలేదు, సత్తుపిండి ముద్ద నోట్లో వేసుకుని తమ్ముణ్ని ఎత్తుకుని బయటికి పోయాడు. క్వార్టరులో మంచం మీద వెల్లకిలా పడుకుంటే సరిగ్గా కళ్లకు ఎదురుగా ఉండేది ఆ పెచ్చూడిన చోటు. రిటైరయ్యే దాకా ఆయన రోజూ దాన్ని చూస్తూనే పడుకున్నాడు, ఒక్కసారీ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. చివరి రోజుల్లో దవాఖానలో పక్కన కూర్చున్నప్పుడు చాలాసార్లు నోటి దాకా వచ్చింది. మందుల మత్తులో నిద్రపోతూ ఉండేవాడు. లేపబుద్ధి కాలేదు.

బాపు పోయి ఆరేళ్లయింది. మా లైను పోయి అంతకంటే ఎక్కువే అయింది. ఓపెన్‌కాస్టు కోసం క్వార్టర్లు కూలగొట్టారు, నేను నిలబడిన జాగా ఇప్పుడు నేల కాదు, గొయ్యి. పోశక్క ఎటు పోయిందో తెలియదు. బడి డాబా మీదికి ఎక్కితే గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్టలు కనిపిస్తాయి, వాటి మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి.

ఈ ఏడు పాఠం అయ్యాక పిల్లల్ని అలవాటు కోసం మైదానంలోకి ఉరికించాను. అందరూ వరుసలో నిలబడ్డాక శ్రీజ అనే పిల్ల చెయ్యి ఎత్తింది. వాళ్ల నాన్న గనిలో డంపర్ డ్రైవర్.

"మేడం, మా డాడీ నైటు డ్యూటీ చేసి పండుకుంటడు. అప్పుడొస్తె ఎట్ల?"

పుస్తకంలో దానికి జవాబు లేదు. "పిలువు" అన్నాను. "బయటికి ఉరుక్కుంట పిలువు. బయట నిలబడి కూడ పిలువు."

"లేపితే కోపానికొస్తడు మేడం."

"రానియ్యి" అన్నాను.

శ్రీజ నమ్మలేనట్టు చూసింది. అందుకని ఇంట్లో ఎవరు పడుకుంటారో వాళ్లను ఇప్పుడే గట్టిగా పిలవమని అందరికీ చెప్పాను. పిల్లలు ముందు సిగ్గుపడ్డారు, ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు, తరువాత ఒక్కసారిగా అందుకున్నారు. డాడీ అని కొందరు, అమ్మా అని కొందరు, తాతా అని కొందరు, మైదానమంతా ఒకటే అరుపులు. వాళ్ల మధ్య నిలబడి నేనూ బాపూ అని పిలిచాను. నా గొంతు అంత దూరం వినబడుతుందని నాకు అప్పుడే తెలిసింది.