ఉత్పన్నం కాని ప్రశ్న

ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి, ఉగ్రవాదం గురించి పార్లమెంటులో జరిగిన ప్రతి ప్రస్తావననూ నేను ఒక రిజిస్టరులో రాసి పెడుతున్నాను. తేదీ, ఎవరు లేవనెత్తారు, ఏమడిగారు, ప్రభుత్వం ఏం చెప్పింది అని నాలుగు గళ్లు. నాచారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో, టైమాఫీసు గుమాస్తాగా ముప్పై ఏళ్లు హాజరు పట్టీలు రాసినవాడిని. గడి గీయనిదే నాకు ఏ విషయమూ అర్థం కాదు.

ఆ రిజిస్టరును మొదటి నుంచి చదివితే వరస ఒక్కటే. ఎక్కడో పేలుడు జరుగుతుంది. సభ లేచి నిలబడి మౌనం పాటిస్తుంది. ఏకకంఠంతో ఖండిస్తుంది. మర్నాటి నుంచి, ఎవరి హయాంలో ఎన్ని జరిగాయన్న తగాదా మొదలవుతుంది. ఆ తగాదా చల్లారేలోగా చట్టానికి ఒక సవరణ వస్తుంది, అనుమానం మీద పట్టుకోవడానికి మరికొంత అధికారం చేరుతుంది, బల్లలు మోగుతాయి. చనిపోయినవారు మొదటి వాక్యంలో ఉంటారు. గాయపడి బతికినవారు ఏ వాక్యంలోనూ ఉండరు. వారి కోసం నేను అయిదో గడి గీశాను. చాలా పేజీల్లో అది తెల్లగానే ఉంది.

ఆ గడి గీయించినది మా కర్మాగారంలోనే ప్యాకింగు విభాగంలో పనిచేసే ఒక స్త్రీ. జిల్లా నుంచి వచ్చి నాచారంలో అద్దె గదిలో ఉంటుంది. నగరంలో పేలుడు జరిగిన ఒక సాయంత్రం చెప్పులు కొనుక్కోవడానికి బజారుకు వెళ్లింది. తుంటి ఎముక పక్కన ఇనుప ముక్క దిగింది. పుణ్యాత్ముడైన ఆటో డ్రైవరొకడు ఆమెను దారిలో కనిపించిన చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముకు చేర్చాడు. ఆమె ప్రాణాన్ని కాపాడినదీ, ఆమెను కాగితం మీద లేకుండా చేసినదీ ఆ పనే. క్షతగాత్రుల జాబితాను ప్రభుత్వ ఆసుపత్రుల పుస్తకాలు చూసి తయారుచేశారు. అందులో ఆమె పేరు లేదు. తర్వాత ఆ నర్సింగ్ హోమూ మూతపడింది.

జాబితాలో ఉన్నవారికి శస్త్రచికిత్స ప్రభుత్వమే చేయిస్తుంది. ఆమె పెట్టిన ప్రతి అర్జీ, పోలీసు ధ్రువపత్రం జతపరచవలెనన్న రాతతో తిరిగి వచ్చింది. పోలీసులేమో, జాబితాలో లేనిదే ధ్రువపత్రం ఇవ్వలేమన్నారు. ఇంతలో, నర్సింగ్ హోములో తీయకుండా వదిలేసిన ముక్క కదిలింది. ఇంకా ఆలస్యమైతే కాలు పనికిరాకుండా పోవచ్చునని డాక్టర్లు చెప్పారు. ఆమెది ఎనిమిది గంటలు నిలబడి చేసే పని.

పార్లమెంటులో ప్రశ్న వేయిద్దామన్నది నా ఆలోచన. ఒక సభ్యుని కార్యాలయానికి వెళితే, అక్కడి సహాయకుడు మర్యాదగా కూర్చోబెట్టి పద్ధతి చెప్పాడు. పేర్లు ఉండకూడదు, ఒక వ్యక్తి గొడవలా కనిపించకూడదు, విధానాన్నే అడగాలి. వారం రోజులు కూర్చుని ప్రశ్నను చెక్కాను. ఉగ్రవాద ఘటనల్లో గాయపడినవారి చికిత్స దరఖాస్తులు ఏవైనా పెండింగులో ఉన్నాయా? ఉంటే, వివరాలేమిటి? వాటి పరిష్కారానికి తీసుకున్న చర్యలేమిటి? ఆమె కథనంతా తీసేస్తే ప్రశ్న ఎంతో నిండుగా వచ్చింది. లిఖితపూర్వక సమాధానానికి దానిని అనుమతించారన్న కబురు వచ్చిన రోజున, ఆమె ఇరుగుపొరుగును పిలిచి నా చేత చదివించింది.

సమాధానం వచ్చింది. శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోనివని, ఉగ్రవాదాన్ని ప్రభుత్వం ఏమాత్రం సహించదని అరపేజీ. అటుపైన అసలు జవాబు రెండు పంక్తులు. మొదటి భాగానికి: లేవు. మిగిలిన రెండింటికి: ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ కాగితం పట్టుకుని, ఆమె అర్జీలు తిప్పి పంపిన కార్యాలయానికి వెళ్లాను. ఆ సమాధానం నకలు అక్కడి గుమాస్తా బల్ల మీద కూడా ఉంది.

"పెండింగు లేవని పార్లమెంటుకే రాసిచ్చినం పెద్దాయనా. ఇప్పుడు ఈమెది తీసుకుంటే మేం అబద్ధం చెప్పినట్లయితది," అన్నాడు. ఆమె అర్జీ నాలుగుసార్లు ఇక్కడికే వచ్చింది కదా అన్నాను. "వచ్చింది, వాపస్ చేసినం. వాపస్ చేసింది పెండింగుల ఎట్ల వడ్తది? తమరు గూడ ఆఫీసుల చేసినోళ్లే గద."

చేసినవాడినే. తనిఖీ వస్తున్నదంటే, నా బల్ల మీది సెలవు చీటీలన్నింటినీ ఏదో ఒక ఆక్షేపణ రాసి తిప్పికొట్టి, పెండింగు గడిలో సున్నా చుట్టి పైవాళ్ల మెప్పు పొందినవాడిని. 'తిరస్కరించినవి, తిప్పి పంపినవి' అన్న రెండు మాటలు ప్రశ్నలో చేర్చవలసిందని, ఈ దేశంలో మరెవరికి తట్టకపోయినా నాకు తట్టి ఉండవలసింది. నేను అడగకముందు, దయగల అధికారి ఎవరైనా ఆమె అర్జీ తీసుకునే అవకాశం కొంత ఉండేది. ఆ తలుపును పార్లమెంటు చేత మూయించినవాడిని నేను.

తప్పు నాదేనని ఆమెకు చెప్పాను.

"మీరు సక్కగనే అడిగిన్రు సార్," అంది. "గా ఇనుప ముక్కనడిగితే అది గూడ సక్కగ చెప్తుండె. దాన్నెవలూ అడుగరాయె."

తర్వాతి సమావేశాలకు మాటలు సరిచేసి మరో ప్రశ్న ఇచ్చాను. సభలో ప్రశ్నలను ఎంపిక చేసే లాటరీలో అది రాలేదు. ఆ సమావేశాల్లోనే ఉగ్రవాదం మీద సభ పొద్దుపోయేదాకా చర్చించింది. అంతా రాసుకున్నాను. అయిదో గడిలో రాయడానికి ఏమీ దొరకలేదు.

కిందటి నెల ఆమె ఎక్స్‌రే కవరు పట్టుకుని ఉప్పల్‌లోని మా ఇంటికి వచ్చింది. కార్మికుల దవాఖానాలో ఒక డాక్టరమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకుందట. అయితే బాంబు అన్న మాట వస్తే పోలీసు కాగితం కావాలి. అందుకని గాయం ఎట్లా అయిందో వేరేగా రాయించుకొని రమ్మని ఆమెకు నచ్చజెప్పి పంపింది.

"పక్కింటోళ్లు ఇల్లు కడ్తున్నప్పుడు, మిద్దె మీదికెల్లి చువ్వల మీద పడ్డనని రాయున్రి సార్. మీ చేతిరాతైతే ఎవలూ మారు అడుగరు."

కలం తీశాను. ఇన్నేళ్ల తర్వాత ఇదొక అబద్ధం రాయవలసి వచ్చిందే అన్నాను.

"పెద్దోళ్లు రాసింది అబద్ధం కాదా? దానితోని నా కాలు పోయెటట్లాయె. మీరు రాస్తే కాలన్న ఉంటది."

రాశాను. పడిన తేదీ ఏది వేయమంటావని అడిగాను.

"ఆ తారీకు మాత్రం ఎయ్యకున్రి. మల్ల ఎవడన్న జోడిస్తడు."

పేలుడు జరిగిన మరుసటి సంవత్సరంలోని ఒక తేదీ వేశాను. ఆమె దానిని వేలితో చూపించి, అది ఆదివారమేనా అని అడిగింది. వేరే రోజైతే తాను డ్యూటీలో ఉన్నట్టు హాజరు పట్టీలో ఉంటుందట. పాత క్యాలెండరు తీసి చూశాను. బుధవారం. కొట్టివేతలున్న కాగితం చెల్లదు గనుక మరో తెల్లకాగితం తీసుకుని, ముందుగా ఒక ఆదివారం వెతికి పెట్టుకుని, మొదటి నుంచి మళ్లీ రాశాను.