ఆపితే ఆగాలి

హుమేరాను మా ఆఫీసులో అందరం లైన్‌మన్ అని పిలిచేవాళ్లం. గదిలోంచి బయటికి వెళ్తే చాలు, ఫ్యాన్ ఆపుతుంది, లైటు ఆపుతుంది, ఎవరో వదిలేసిన చార్జర్ ప్లగ్గు కూడా పీకుతుంది. సగం చార్జింగ్‌తో ఫోన్ చచ్చిపోయి నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. అడిగితే, "పెట్టినంక తీయాలె కద అన్నా," అనేది.

హన్మకొండ నయీంనగర్‌లో టిఫిన్ సెంటర్ మీద మా ఆఫీసు. యజమాని కిషన్ రావు గారు. కోల్డ్ స్టోరేజీల్లో ఏ గది ఎంత చల్లగా ఉందో చూసి, వేడెక్కితే చల్లబరిచే కంప్రెసర్ తిప్పి, ఫోన్లకు మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ మాది. కోడ్ రాసేది హుమేరా, ఫోనెత్తి మాటలు పడేది నేను. నా పేరు సాయికిరణ్. ప్రోగ్రామింగ్ నాకు రాదు. కానీ ఆమె పక్క కుర్చీలో కూర్చుంటే వద్దన్నా కొంత చెవిన పడుతుంది.

ఆమె రాసేది ఫంక్షనల్ పద్ధతిలో. అందులో ఫంక్షన్‌కు, అంటే అడిగిన లెక్క చేసిచ్చే చిన్న కోడ్ ముక్కకు, జ్ఞాపకం ఉండకూడదట. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు చెప్పాలి, నిన్న ఏం జరిగిందో దానికి పట్టకూడదు. అలాంటి వాటితో పేచీ లేదు. కానీ కోల్డ్ స్టోరేజీ అన్నాక జ్ఞాపకం ఉంచుకునే భాగాలు కొన్ని తప్పవు. గదిలోని సెన్సర్‌తో లైన్ పట్టుకుని కూర్చునే రీడర్ ఒకటి, అంకెలు దాచే డేటాబేస్‌తో ఇంకో లైన్, మెసేజ్ పంపేది మరొకటి. వీటిని స్టేట్ ఉన్న కాంపొనెంట్లు అంటారు. వీటికి పుట్టుక ఉన్నట్టే చావు కూడా రాసి పెట్టాలని హుమేరా వాదన. మొదలుపెట్టేటప్పుడు ముందు డేటాబేస్, తర్వాత రీడర్, చివర మెసేజ్. ఆపేటప్పుడు వెనక నుంచి ముందుకు. డేటాబేస్ ముందే ఆపేస్తే రీడర్ తెచ్చిన అంకెలు ఎక్కడ పెట్టాలో తెలియక నేలపాలవుతాయి.

ఆమెకు ముందు ఈ పని చేసిన అఖిల్ చురుకైనవాడే. పెద్ద ఉద్యోగం వస్తే వెళ్లిపోయాడు. కానీ అతని కోడ్‌లో రీడర్ ఫైల్ ఎక్కించగానే దానంతటదే మొదలయ్యేది, పావుగంటకోసారి మెసేజ్ కూడా తనే పంపుకునేది. దాన్ని ఆపే దారి మాత్రం ఎక్కడా లేదు. హుమేరా నెలల తరబడి కూర్చుని ప్రతి కాంపొనెంట్‌కూ మొదలు, ముగింపు రాసింది. అయితే సర్వర్ ఆపి కొత్తది ఎక్కించడానికి కిషన్ రావు గారు ఒప్పుకోలేదు. నడిచేదాన్ని ముట్టుకోవద్దన్నది ఆయన సిద్ధాంతం. ఆపితే మళ్లీ లేస్తుందో లేవదో అని భయం. చివరికి పాతది నడుస్తుండగానే కొత్త కోడ్ ఎక్కించాల్సి వచ్చింది.

ఇదంతా ఆమెకు ఉద్యోగం మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఆమె ‘అబ్బా’ అని పిలిచే తండ్రి కరీముద్దీన్ ములుగు దగ్గర కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. ఏటా ఏరిన కాయ ఏరినట్టే ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చి, ఆ రోజు రేటెంతుంటే అంతకు అమ్ముకుని పోయేవాడు. కిందటేడు హుమేరాయే పట్టుబట్టి, చంద్రమౌళి గారి కోల్డ్ స్టోరేజీలో రెండో గదిలో పెట్టించింది. దసరా దాటాక రేటు పెరుగుతుందని, తమ సాఫ్ట్‌వేరే కాపలా ఉందని, ఫికర్ చేయొద్దని తండ్రికి చెప్పింది. ఆయన పంట మొత్తం అక్కడే పెట్టాడు.

ఎంగిలిపూల బతుకమ్మకు ముందు ఒక సాయంత్రం పిడుగుల వాన పడింది. కరెంటు పోయి వచ్చింది. ఆ మర్నాటి నుంచి రెండో గది ఏడు డిగ్రీలు అంటే ఏడే. మిగతా గదులు కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఇది మాత్రం కదలదు, మెదలదు. నిజమైన గది అలా ఉండదని హుమేరాకు అనుమానం. తలుపు తీసి చూడమని నా చేత ఫోన్ చేయించింది. చల్లదనం పోతుందని వాళ్లు ఊరికే తలుపు తీయరు. మీ మెసేజే బాగుందని చెప్తుంటే మళ్లీ తీయడమెందుకని చంద్రమౌళి గారు నన్నే కోప్పడ్డారు. తలుపు మీద చల్లదనం చూపే పాత మీటరును మేమే దగ్గరుండి తీయించాం కాబట్టి ఆయన్ని అనడానికీ లేదు. ఒక్కసారి ఆపి మొదలుపెడతానని కిషన్ రావు గారిని ఆమె రోజూ అడిగేది. గది అంత నిలకడగా ఉంటే సంతోషించక ఈ ఏడుపెందుకని ఆయన విసుక్కునేవారు.

ఆయుధ పూజ రోజు వచ్చింది. కిషన్ రావు గారు కొత్త పంచె కట్టుకుని, సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. లోపల ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. కొబ్బరికాయ ఎత్తబోతుంటే హుమేరా ముందుకొచ్చింది.

"సార్, కింద టిఫిన్ సెంటరాయన గ్రైండర్ బంద్ వెట్టి బొట్టు వెట్టిండు. మీ కారు గూడ ఆపినంకనే నిమ్మకాయలు వెట్టిన్రు. ఇయ్యాల పనిముట్టుకు పని చెప్పరు కద. దీన్ని గూడ జరసేపు ఆపనియ్యండి."

కాయ చేతిలో ఉండగా కాదనడం ఆయన వల్ల కాలేదు. తలూపారు. హుమేరా కూర్చుని ఒక్కొక్కటీ ఆపింది. మెసేజ్ పంపేది ఆగింది, రీడర్ ఆగింది, డేటాబేస్ లైన్ ఆగింది. స్క్రీన్ మీద గదులన్నీ ఖాళీ అయ్యాయి. కిషన్ రావు గారు కాయ కొట్టి హారతి ఇచ్చారు. మేం కళ్లకద్దుకుంటుండగా ఆయన ఫోన్ మోగింది.

రెండో గది, ఏడు డిగ్రీలు, అంతా క్షేమం.

అన్నీ ఆపేశాక వచ్చిన మెసేజ్ అది. కిషన్ రావు గారు హారతి పళ్లెం పట్టుకునే ఫోన్ మాకు చూపించారు.

"ఎవరు పంపిన్రు ఇది?" అన్నారు.

"ఆపేతందుకు దారి లేనిది సార్," అంది హుమేరా. "అఖిల్ నాటి రీడర్. ఇంక బతికే ఉన్నది."

తర్వాత ఆమె చెప్పింది ఇది. సెన్సర్ లైన్ ఒక్కరికే దొరుకుతుంది. ఒకరు ఫోన్ పెట్టేయకుండా పట్టుకుంటే ఇంకొకరికి ఎంగేజ్ వచ్చినట్టు, మిగతా గదుల లైన్లు కొత్తదానికి దొరికినా, పాత రీడర్ రెండో గది లైన్ వదల్లేదు, కొత్తదాన్ని రానివ్వలేదు. పిడుగు పడ్డ రోజు కరెంటు పోయినప్పుడు ఆ లైన్ అవతల తెగిపోయింది. పాత రీడర్ మాత్రం ఆఖరుగా విన్న ఏడునే గుర్తుంచుకుని చెప్తూ పోయింది. ఆ అంకె ఏడు దాటితేనే గది కంప్రెసర్ తిరుగుతుంది. అంటే వాన పడ్డ నాటి నుంచి అది తిరగనే లేదు.

నేను స్టోరేజీలో ఉండే ఎల్లస్వామికి ఫోన్ చేసి తలుపు తీయమన్నాను. తీసినట్టు చప్పుడు వినిపించింది. "బయట ఎట్లున్నదో లోపల గట్లనే ఉన్నదన్నా," అన్నాడు. హుమేరా మళ్లీ సర్వర్ ముందు కూర్చుంది. దాన్ని పూర్తిగా ఆర్పి, వరుసగా మొదలుపెట్టింది. లేస్తూనే అది అందరి ఫోన్లకూ ప్రమాదమని మోత మోగించింది. కిషన్ రావు గారు ఆ పంచెతోనే కారెక్కి, పండగ పూట హమాలీలను బతిమాలి, రెండో గది బస్తాలన్నీ చల్లగా ఉన్న ఒకటో గదిలోకి మార్పించేదాకా అక్కడే నిలబడ్డారు. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా ఆ రోజు మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

లోపలి వరుసలు చాలావరకు దక్కాయి. బయటి వేడీ చెమ్మా చొరబడే తలుపు దగ్గరవి దెబ్బతిన్నాయి. అందరికంటే ఆలస్యంగా వచ్చిన కరీముద్దీన్ బస్తాలు తలుపు దగ్గరే ఉన్నాయి.

మర్నాడు ఆయన ములుగు నుంచి బస్సులో స్టోరేజీకి వచ్చాడు. ఆయన బస్తా ముట్టుకోకముందే హుమేరా జరిగిందంతా చెప్పేసింది. ఆయన ఒక కాయ విరిచి చూశాడు. లోపల తెల్లగా బూజు.

"ఎన్నటి సంది అబద్ధం చెప్తాంది బిడ్డా ఇది?"

"వాన పడ్డ కాడి నుంచి అబ్బా."

ఆయన విరిచిన కాయను మళ్లీ బస్తాలోనే వేసి మూతి కట్టాడు. తిట్టినా బాగుండేదని ఆమె తర్వాత నాతో చెప్పి ఏడ్చింది. ఆ మిర్చి ఎనుమాములలో నాసిరకం తాలుకాయ రేటుకు పోయింది.

ఇప్పుడు మా ఆఫీసులో ప్రతి అమావాస్యకూ గుమ్మడికాయ కొట్టే ముందు సిస్టం ఆపుతాం. చంద్రమౌళి గారి తలుపుకు పాత మీటరు మళ్లీ బిగించి, ఎల్లస్వామిని చూస్తుండమని చెబుతాం. హుమేరా వెనక నుంచి ముందుకు ఒక్కొక్కటీ ఆపుతుంది. అందరి ఫోన్లూ బల్ల మీద పెట్టి, మెసేజ్ రావలసిన వేళ దాటేదాకా నోరు మూసుకుని కూర్చుంటాం. ఏదీ మోగకపోతేనే మళ్లీ మొదలు. ఈ పద్ధతి పెట్టింది కిషన్ రావు గారే. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఇప్పుడు రావడం లేదు.

మొన్న ఉగాది ముందటి అమావాస్యకు కరీముద్దీన్ మా ఆఫీసుకు వచ్చాడు. మిర్చి ఏరడం అయిపోయిందట. ఈసారి కాయ ఎక్కడ పెడతావని అడిగే ధైర్యం హుమేరాకు లేదు. మేం ఫోన్లు బల్ల మీద పెడుతుంటే తన చిన్న ఫోన్ కూడా తీసి పక్కన పెట్టాడు. పావుగంట దాటింది. ఏ ఫోనూ మోగలేదు.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది అబ్బా."

ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. "అయితె రేపు బండి మాట్లాడుత. తలుపుకాడ మాత్రం వద్దని చెప్పు."